బీమా కాగితాల్లో మన పేరు

మా చిన్నప్పుడు ఇంటికి వచ్చే ఎల్ఐసీ ఏజెంటుగారి చంకలో ఎప్పుడూ ఒక రెగ్జిన్ సంచీ ఉండేది. కొత్త సంవత్సరం వచ్చిందంటే అందులోంచి మాకో క్యాలెండరు, నాన్నకో డైరీ బయటికి వచ్చేవి. వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడి మాట్లాడి అసలు విషయానికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గించేవారు. "దేవుడి దయవల్ల మీకేమీ కాదనుకోండి, కానీ రేపు ఏదైనా అయితే..." అనేసరికి అమ్మ కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయేది. ఆ మాట వినడమే అమంగళం మా అమ్మకి.

ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ మాటలన్నీ ఎవరి గురించి? అమ్మ గురించే. నాన్న లేకపోతే అమ్మ ఎలా బతకాలి అన్నదే అక్కడ జరుగుతున్న చర్చ. అమ్మేమో వంటింట్లో ఉంది. కాగితం నాన్న చేతిలో ఉంది. సంతకం ఎక్కడ పెట్టాలో ఏజెంటుగారు చూపిస్తున్నారు.

మన దేశంలో బీమా చరిత్ర చదువుతుంటే నాకు పదే పదే ఈ దృశ్యమే కనిపించింది. పాలసీ అమ్మేది ఇల్లాలి పేరు చెప్పి. కానీ ఆ కాగితాల దగ్గరికి ఇల్లాలు రావడానికి చాలా కాలం పట్టింది. ఆ దారిలో ఏజెంటు అనే మనిషి ఎక్కడెక్కడ ఉన్నాడో, తర్వాత ఎలా ఉన్నదో ఈసారి రాద్దామనుకున్నాను.

మన దేశంలో తొలి జీవిత బీమా కంపెనీ 1818లో కలకత్తాలో పెట్టిన ఓరియంటల్ లైఫ్. అది ముఖ్యంగా ఇక్కడున్న తెల్లవాళ్ళ కోసం. ఆ తర్వాత వచ్చిన విదేశీ కంపెనీలు కూడా మనవాళ్ళకి పాలసీ ఇవ్వడానికి వెనకాడేవి. ఇచ్చినా, మన ప్రాణాలకు పూచీ తక్కువని మామూలు ప్రీమియం మీద మరికొంత వడ్డించేవి. భారతీయులకు మామూలు రేట్లకే బీమా ఇచ్చిన మొదటి స్వదేశీ కంపెనీ 1870లో పుట్టిన బొంబాయి మ్యూచువల్.

మనవాళ్ళు అంటే ఇక్కడ మగవాళ్ళు అనే అర్థం. ఆడవాళ్ళ ప్రాణానికి బీమా అనే ఆలోచనే లేదు. కాన్పు అంటే పునర్జన్మ అనుకునే రోజులవి. ఆ భయం కంపెనీలకూ ఉంది. పైగా సంపాదన లేని మనిషి పోతే నష్టం ఏముంది అనే లెక్క ఒకటి. తపాలా శాఖ తన ఉద్యోగుల కోసం 1884లో పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్ మొదలుపెట్టింది. 1894లో ఆ శాఖలో పనిచేసే స్త్రీలకు కూడా దాన్ని వర్తింపజేసింది. అప్పటికి ఇంకే కంపెనీ స్త్రీలకు బీమా ఇవ్వడం లేదు. ఉత్తరాలు, తంతి వార్తలు మోసిన శాఖే ఆ తలుపు కూడా తీసిందన్నమాట.

అయితే అంతకు ముందే, 1874లో, ఒక చట్టం వచ్చింది. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. మన ఇళ్ళలో దీని పేరు విన్నవాళ్ళు తక్కువ. అందులో ఆరో సెక్షన్ చెప్పేది ఇదీ: పెళ్ళయిన మగవాడు తన ప్రాణం మీద పాలసీ తీసుకుంటూ, ఇది నా భార్య కోసం, నా పిల్లల కోసం అని ఆ పాలసీలోనే రాయిస్తే, ఆ డబ్బు వాళ్ళది. దాని మీద భర్తకు పెత్తనం ఉండదు. అప్పులవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు. ఆయన ఆస్తిలో అది కలవదు. మొదట్లో ఈ సెక్షన్ హిందువులకు వర్తిస్తుందా లేదా అన్న సందేహం ఉండేది. 1923లో చట్టాన్ని సవరించి ఆ సందేహం తీర్చారు. మద్రాసు రాష్ట్రంలో మాత్రం 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకే ఇది వర్తిస్తుందన్నారు. అంటే అప్పట్లో ఆ రాష్ట్రంలోనే ఉన్న మన కోస్తా, రాయలసీమ ఆడవాళ్ళకు ఈ రక్షణ నూరేళ్ళకు పైగా ఉంది. వాడుకున్నదెంతమంది? దరఖాస్తు రాసేటప్పుడే ఇది అడిగి రాయించుకోవాలి, తర్వాత కుదరదు. రాసే ఏజెంటు చెబితే కదా తెలిసేది!

బీమా మన ఊళ్ళలోకి వచ్చింది స్వదేశీ ఉద్యమంతో. 1906లో మద్రాసులో యునైటెడ్ ఇండియా, 1907లో కలకత్తాలో హిందుస్థాన్ కోఆపరేటివ్ మొదలయ్యాయి. ఈ రెండోది రవీంద్రనాథ్ ఠాగూర్ గారి జొరాసంకో ఇంట్లో ఒక గదిలో పుట్టింది. మనకు మచిలీపట్నం ఉంది. 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా స్థాపించారు. మన డబ్బు మన దగ్గరే ఉండాలి అన్నది ఆనాటి పట్టుదల.

కంపెనీ పెట్టడం ఒక ఎత్తు, ఇంటింటికీ వెళ్ళి అమ్మడం ఇంకో ఎత్తు. బియ్యం అమ్మితే బస్తా చూపించవచ్చు. ఏజెంటు చూపించేది కాగితం, చెప్పేది చావు. ఎప్పుడో ఇరవై ఏళ్ళకు వచ్చే డబ్బు కోసం ఈ రోజు రూపాయి ఇమ్మనాలి. దానికి తోడు రిబేటు బెడద. "మీ కమీషన్‌లో సగం మాకిస్తే తీసుకుంటాం" అనే బేరం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1938 బీమా చట్టం ఏజెంట్లకు లైసెన్సు పెట్టింది, ఇలా కమీషన్‌లో వాటా ఇవ్వడాన్ని నలభై ఒకటో సెక్షన్ కింద నిషేధించింది. ఆ సెక్షన్ ఇప్పటికీ ఉంది, 2015 సవరణ తర్వాత జరిమానా పది లక్షల దాకా పడవచ్చు. అయినా బంధువులు నవ్వుతూ అడుగుతూనే ఉంటారు. ఇవ్వకపోతే పాలసీ రాదు, ఇస్తే మిగిలేది చెప్పులు అరగడమే.

అంతకంటే పెద్ద కష్టం కంపెనీ మునిగిపోవడం. జాతీయం చేయడానికి ముందు పదేళ్ళలో 25 జీవిత బీమా కంపెనీలు మూతబడ్డాయి. మరో 25 కంపెనీలు ఉన్నదంతా హారతి కర్పూరం చేసుకుని, పాలసీదారులకు నష్టం కలిగేలా వేరే కంపెనీల్లో కలిసిపోయాయి. కంపెనీ ఎక్కడో పట్నంలో ఉంటుంది. జనం నిలదీసేది తమ చేత సంతకం పెట్టించిన మనిషిని. గుళ్ళో, సంతలో, పెళ్ళి పందిట్లో ఎదురుపడేది అతనే కదా.

1956 జనవరి 19న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి జీవిత బీమాను తన చేతిలోకి తీసుకుంది. 154 భారతీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, మొత్తం 245 సంస్థలు ఒక్కటయ్యాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1న ఎల్ఐసీ పుట్టింది. రెండు చేతుల మధ్య దీపం దాని గుర్తు. కింద ఉండే సంస్కృత వాక్యం గీత తొమ్మిదో అధ్యాయంలోది, మీ యోగక్షేమాలు నేను చూసుకుంటానని దాని భావం.

ప్రభుత్వం పూచీ ఉందనే మాటతో ఏజెంట్లకు ఊళ్ళలోకి వెళ్ళే ధైర్యం వచ్చింది. అయినా పని నత్తనడకే నడిచింది. 1957లో సుమారు 200 కోట్లున్న కొత్త వ్యాపారం వెయ్యి కోట్లు దాటింది 1969-70లో. ఆ పన్నెండేళ్ళలో ఎన్ని అరుగుల మీద కూర్చుని, ఎన్ని కాఫీలు తాగి, ఎన్నిసార్లు "వచ్చే నెల చూద్దాం లెండి" అనిపించుకుని ఉంటారో!

ఏజెంటు ఉద్యోగి కాదు, జీతం లేదు. రాబడి అంతా కమీషనే. చాలాకాలం నడిచిన పద్ధతి ఒకటి చెబుతాను. పదిహేనేళ్ళో అంతకు పైనో కాలం ఉన్న మామూలు పాలసీకి మొదటి ఏడాది ప్రీమియం మీద 25 శాతం, దాని మీద బోనస్ కమీషన్ కలిపితే 35 శాతం. రెండు, మూడు సంవత్సరాలు ఏడున్నర శాతం. ఆ తర్వాత పాలసీ నడిచినన్నాళ్ళూ 5 శాతం. ఏడాదికి 12,000 రూపాయల ప్రీమియం అనుకోండి. మొదటి ఏడాది ఏజెంటుకు 4,200 వస్తుంది. తర్వాత 900, ఆపైన 600. నియమాల ప్రకారం కొన్నాళ్ళు పనిచేసిన ఏజెంటు పోతే ఆ రెన్యువల్ కమీషన్ వారసులకు వస్తుంది.

ఈ లెక్కలోనే మంచీ ఉంది, చెడూ ఉంది. ఇరవై ఏళ్ళు ఓపికగా పాలసీలు నిలబెట్టుకున్న వాళ్ళకు ఆ అయిదేసి శాతాలే పెద్ద వయసులో పింఛనులా పనికొస్తాయి. తొందర ఉన్నవాళ్ళకు మొదటి ఏడాది డబ్బే కనబడుతుంది. కట్టగలరా లేదా చూడకుండా పెద్ద పాలసీ అంటగడతారు. పాత నియమాల ప్రకారం మూడేళ్ళ ప్రీమియం కట్టకుండా ఆపేస్తే చేతికి ఏమీ రాదు. పై ఉదాహరణలో రెండేళ్ళు కట్టి మానేసిన ఇంటికి 24,000 నీళ్ళపాలు. మూడేళ్ళు కట్టి సరెండర్ చేసినా, గ్యారంటీగా వచ్చేది మొదటి ఏడాది తీసేసి మిగిలిన దానిలో 30 శాతం, అంటే 7,200. పొదుపు చేశామనుకున్న ఇల్లాలికి అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు.

ఇక మన సంగతికి వస్తాను. ఎల్ఐసీ చాలాకాలం స్త్రీలను మూడు వర్గాలుగా చూసింది. సొంత సంపాదన ఉన్నవాళ్ళు ఒకటి. ఆస్తిపాస్తుల మీద ఆదాయం ఉన్నవాళ్ళు రెండు. ఏ ఆదాయమూ లేని గృహిణులు మూడు. ఈ మూడో వర్గానికి భర్త బీమా ఎంత ఉందో చూసి, దానికి లోబడి ఇచ్చేవారు. బీమా లెక్కకు ఆధారం పోయే ఆదాయం కాబట్టి అలా పెట్టామంటారు. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటిదాకా చేసే చాకిరీకి ఆ ఫారంలో గడి లేదు.

ఏజెన్సీల్లో మాత్రం ఆడవాళ్ళ పేర్లు చాలానే కనబడేవి. భర్త బడిపంతులో, గుమాస్తానో అయి ఉంటాడు. ఉద్యోగంలో ఉండి ఏజెన్సీ చేయకూడదు కాబట్టి కాగితం మీద భార్య పేరు. తిరిగేది, రాసేది, డబ్బు తెచ్చేది ఆయన. ఈవిడ నెలకోసారి సంతకం పెడుతుంది. "మీరు ఏజెంటా అండీ?" అని ఎవరైనా అడిగితే, "ఏమో, మా వారు చూసుకుంటారు" అనేవారు మా వీధిలో ఒకావిడ. చుట్టుపక్కల నాకు తెలిసిన ఇళ్ళలోనే ఇలాంటివి రెండు మూడు ఉండేవి.

నిజంగా తిరిగిన ఆడ ఏజెంటును నేను మొదట చూసింది మా ఇంట్లోనే. మా పిన్ని, అమ్మ సొంత చెల్లెలు.

1989లో బాబాయి పోయారు. పిన్నికి అప్పుడు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు, ఒక్కతే ఆడపిల్ల. బాబాయి పేరున 25,000 పాలసీ ఉంది. అయితే అది ఆయన పెళ్ళికి ముందు తీసుకున్నది, నామినీగా వాళ్ళమ్మ పేరు ఉంది. పెళ్ళయ్యాక మార్చాలని ఆయనకు తోచలేదు, ఏజెంటూ అడగలేదు, పిన్నికి అసలు తెలియదు. చెక్కు పిన్ని అత్తగారి పేరున వచ్చింది. ఇంటి పైకప్పు మార్చడానికి, మరిదిగారి అప్పు తీర్చడానికి అయిపోయింది. ఎవరూ దొంగతనం చేశామనుకోలేదు. కాగితం మీద ఉన్న పేరు అదే కదా అన్నారు. పిన్నీ అదే నిజమనుకుంది.

రెండేళ్ళ తర్వాత పాప చదువు కోసం పిన్ని ఏజెన్సీ తీసుకుంది. అప్పట్లో ఇప్పటిలా శిక్షణ గంటలు, పరీక్షలు లేవు. డెవలప్‌మెంట్ ఆఫీసరుగారు చెప్పింది రాసుకోవడం, రేట్ల పుస్తకం చూసి నేర్చుకోవడం, అంతే. ఆ నేర్చుకోవడంలోనే ఒకరోజు ఆవిడకు తెలిసింది: నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కుదారులు వారసులే అని సుప్రీంకోర్టు అప్పటికే, 1980ల్లోనే చెప్పింది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కూతురు, తల్లి, ముగ్గురికీ సమాన భాగాలు. అంటే మూడింట రెండు వంతులు పిన్నికీ పాపకీ రావాల్సినవి. ఆ రాత్రి అమ్మకు చెప్పుకుని ఏడ్చింది. కోర్టుకు వెళ్ళలేదు. "అత్తగారిని బోనులో నిలబెట్టి ఏం తింటాను అక్కా" అంది.

కానీ ఆవిడ పని తీరు అక్కడ మారింది. మగ ఏజెంట్లు వరండాలో కూర్చుంటే పిన్ని తిన్నగా వంటింట్లోకి వెళ్ళేది. చిక్కుళ్ళు ఈనె తీస్తూ మాట్లాడేది. కొత్త పాలసీ సంగతి ఆఖర్న. ముందు, "వదినా, అన్నయ్యగారి బాండు ఎక్కడుందో తెలుసా? అందులో ఎవరి పేరుందో చూశావా?" అనేది. కొందరు చిరాకుపడేవారు. "అదేం ప్రశ్న, పచ్చటి సంసారంలో" అని ఒక పెద్దావిడ మొహం మీదే అంది. పసుపుకుంకాలు లేని మనిషి పొద్దున్నే గుమ్మంలోకి వచ్చిందని తలుపు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. పిన్ని మధ్యాహ్నం పన్నెండు దాటాక వెళ్ళడం అలవాటు చేసుకుంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

అలా తలుపు వేసుకున్న ఇళ్ళలో ఒకావిడకు తర్వాత అదే కష్టం వచ్చింది. క్లెయిము ఫారాలు నింపి, మరణ ధ్రువపత్రం తెప్పించి, బాండు వెతికి, ఆఫీసు చుట్టూ తిరిగి డబ్బు ఇప్పించింది పిన్నే. దానికి ఏజెంటుకు కమీషన్ ఉండదు. "మనం చేసే పనిలో అసలు పని అదే, మిగతాది దానికోసం తిరగడం" అనేది.

1999 చట్టంతో బీమా రంగంలోకి మళ్ళీ ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. కొత్త ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి అయ్యాయి. ఇప్పుడు బ్యాంకులో పాలసీ ఇస్తారు, ఫోనులోనూ తీసుకోవచ్చు. అయినా ఎల్ఐసీకి ఇవాళ కూడా పదమూడు లక్షలకు పైగా ఏజెంట్లు ఉన్నారు. 2024 డిసెంబరు 9న పానిపట్‌లో బీమా సఖి పథకం మొదలైంది. పదో తరగతి చదివిన, 18 నుంచి 70 ఏళ్ళ లోపు స్త్రీలను ఏజెంట్లుగా తీసుకుని మూడేళ్ళ పాటు స్టైపెండు ఇస్తారు: మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000. కమీషన్ దీనికి అదనం. ఏడాదికి ఇన్ని పాలసీలు అని లక్ష్యం ఉంటుంది. ముందు ఏడాది రాసిన పాలసీల్లో 65 శాతమైనా నడుస్తూ ఉంటేనే తర్వాతి ఏడాది స్టైపెండు వస్తుంది.

ఈ పథకం గురించి నన్ను అడిగిన చెల్లెళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆ 65 శాతం నియమం మంచిదే, పాలసీ నిలబెట్టడం నేర్పుతుంది. కానీ లక్ష్యం కోసం అన్న చేత, ఆడపడుచు చేత, పక్కింటావిడ చేత మొహమాటపెట్టి కట్టిస్తే మొదటి ఏడాది గట్టెక్కుతారు, రెండో ఏడాది వాళ్ళు కట్టకపోతే డబ్బూ పోతుంది, మాటలూ పోతాయి. మూడేళ్ళ తర్వాత స్టైపెండు ఉండదు. అప్పటికి నలుగురి నమ్మకం సంపాదించుకుని ఉంటేనే అది బతుకుతెరువు అవుతుంది. ముఖ్యంగా ఏజెన్సీ మీ పేరున ఉంటే పని కూడా మీరే చేయండి, కమీషన్ మీ ఖాతాలోకే రానివ్వండి.

ఏజెంటు కాని మనకు కూడా ఒక పని ఉంది. 2015 సవరణ తర్వాత చట్టం ఏమంటోందంటే, తల్లిదండ్రులను గానీ, భార్యాభర్తలను గానీ, పిల్లలను గానీ నామినీగా రాస్తే ఆ డబ్బు వాళ్ళకే చెందుతుందని. మిగతా వారసుల హక్కు ఏమిటన్న వాదనలు కోర్టుల్లో ఇంకా నడుస్తున్నాయి. కాబట్టి పేరు సరిగా ఉండటం పిన్ని రోజులకంటే ఇప్పుడు ఇంకా ముఖ్యం. నామినీని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఒక ఫారంతో అయ్యే పని. కొత్తగా పాలసీ తీసుకుంటుంటే వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద రాయమని అప్పుడే అడగాలి. అత్తగారికి అన్యాయం చేయమని నేను అనడం లేదు. ఒకరికంటే ఎక్కువమందిని నామినీలుగా రాసి ఎవరికెంతో వాటాలు కూడా రాయించవచ్చు. భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయే విషయం.

పిన్నికిప్పుడు అరవై దాటాయి. పాప ఉద్యోగం చేస్తోంది, వద్దంటున్నా పిన్ని ఇంకా తిరుగుతూనే ఉంది. నా పెళ్ళయిన కొత్తలో చీర, పసుపు, కుంకుమ పెట్టి, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "అల్లుడుగారూ, మీ పాలసీలో నామినీ ఎవరు?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆయన బాండు తీసి చూస్తే మా అత్తగారి పేరే ఉంది. ఆ వారమే మార్చారు. ఆ ఫారం తెచ్చి ఇచ్చింది మా అత్తగారే.